మంట ఆరింది కదా అని మాస్క్ తీసేయకండి

ప్రశ్న: నా వయసు 41. పదహారేళ్లుగా ఫైర్‌మ్యాన్‌గా పని చేస్తున్నాను. గత నెల ఒక గోదాంలో మంటలు ఆర్పేసి, గొట్టాలు చుట్టుకుంటున్న సమయంలో నాతో పని చేసే అతను ఛాతీ పట్టుకుని కూలబడిపోయాడు. ఒంటి మీద ఒక్క కాలిన గాయం లేదు. గుండెపోటు అన్నారు, స్టెంట్ వేశారు. అతనికి 44 ఏళ్లు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. నాకు బీపీ ఉంది, మాత్రలు అప్పుడప్పుడు మానేస్తుంటాను. పెద్ద ఫైర్ కాల్‌కి వెళ్లొచ్చిన రోజు తలనొప్పి, వికారం వస్తాయి. ఆక్సిమీటర్‌లో 98 చూపిస్తోంది కాబట్టి పట్టించుకోలేదు. కుడి మోకాలు రెండుసార్లు బెణికింది. మా పనిలో ఇలాంటి ప్రమాదాలు, గాయాలు జరగకుండా ఏం చేయాలి? అతను మళ్లీ డ్యూటీలో చేరవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టింది బీపీ కాదు, మోకాలు కాదు, ఆ 98 అంకె. ముందు దాని సంగతి చెబుతాను.

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టుకునే మామూలు ఆక్సిమీటర్‌కి, హిమోగ్లోబిన్ మీద ఉన్నది ఆక్సిజనా, కార్బన్ మోనాక్సైడా అన్న తేడా తెలియదు. అందుకే ఒంట్లో విషవాయువు ఉన్నా అది 98 అనే చూపిస్తుంది. పొగలో పని చేసి వచ్చాక తలనొప్పి, వికారం, తల తిరగడం, కాళ్లు తేలిపోవడం లాంటివి ఉంటే ముందుగా అనుమానించాల్సింది ఈ వాయువునే. ఆస్పత్రికి వెళ్లి, పొగలో పని చేసి వచ్చాననీ, కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్) ఎంతుందో చూడమనీ మీరే అడగండి. అది రక్తపరీక్షలో తెలుస్తుంది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే ఒంట్లోని ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్క్ పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో ఆ మేరకు తగ్గుతుంది. తలనొప్పి మాత్ర వేసుకుని ఇంట్లో పడుకోవడం వల్ల ఆ సమయమంతా వృథా అవుతుంది, గుండె మీద భారం అలాగే ఉంటుంది.

ఈ విషం మీ ఒంట్లోకి ఎప్పుడు వెళ్తోందో ఒకసారి గుర్తు చేసుకోండి. మంట భగభగమంటున్నప్పుడు బీఏ సెట్ (గాలి సిలిండర్, మాస్క్ ఉండే శ్వాస పరికరం) లేకుండా ఎవరూ లోపలికి వెళ్లరు. మంట ఆరాకే మాస్క్ మెడలోకి దిగుతుంది. శిథిలాలు తిరగేస్తూ ఎక్కడ నిప్పు మిగిలిందో వెతికే ఆ గంట, రెండు గంటలే అసలు సమస్య. పైకి పొగ పెద్దగా కనిపించదు, అలసట కమ్ముకుని ఉంటుంది, బరువు దించుకోవాలనిపిస్తుంది. కానీ గాలి సరిగ్గా అందక లోలోపల రాజుకునే నిప్పు నుంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. పరుపుల ఫోమ్, నైలాన్, ఉన్ని లాంటివి కాలినప్పుడు దానికి తోడు హైడ్రోజన్ సైనైడ్ అనే మరో విషవాయువు కూడా పుడుతుంది. గ్యాస్ మీటర్ పెట్టి చూసి, ఫర్వాలేదని మీ అధికారి చెప్పేదాకా మాస్క్ ముఖం మీదే ఉండాలి. ఈ మొత్తం జవాబులో మీరు ఒక్క మాటే గుర్తు పెట్టుకోగలిగితే దీన్నే గుర్తు పెట్టుకోండి. మరో సంగతి, మాస్క్ అంచు ముఖానికి ఆనే చోట గడ్డం పెరిగి ఉంటే గాలి పక్కల నుంచి లీకవుతుంది. డ్యూటీకి వచ్చే రోజు నున్నగా గీసుకుని రండి.

ఇక మీ సహోద్యోగి గుండెపోటు. ఒంటి మీద గాయం లేకుండా మనిషి కూలిపోవడం మిమ్మల్ని ఆశ్చర్యపరిచినట్టుంది. కానీ మీ వృత్తిలో ప్రాణాలు తీసే వాటిలో గుండెజబ్బు ముందు వరుసలో ఉంది. అమెరికాలో 1994 నుంచి 2004 వరకు డ్యూటీలో చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది వివరాలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ మరణాల్లో దాదాపు 45 శాతం గుండె రక్తనాళాల జబ్బు వల్లే జరిగాయి. ఇంకో మాట కూడా అందులో ఉంది. మంటలార్పే పనికి పట్టేది మొత్తం డ్యూటీ సమయంలో 1 నుంచి 5 శాతమే. గుండెజబ్బు మరణాల్లో 32 శాతం మాత్రం ఆ కొద్ది సమయానికి ముడిపడినవే.

ఎందుకలా? బెల్ మోగగానే నిద్రలో ఉన్న మనిషి గుండె ఒక్కసారిగా దడదడలాడుతుంది. ఇరవై కిలోలకు పైబడిన సూటూ సిలిండరూ మోస్తూ మెట్లెక్కాలి. చెమట పడుతుంది, కానీ ఆ మందపాటి సూటులోంచి అది ఆవిరై పోయే దారి ఉండదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 19 మంది అగ్నిమాపక సిబ్బందిని శిక్షణ కోసం పెట్టిన మంటల దగ్గర 20 నిమిషాలు పని చేయించి చూశారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. ఒంట్లో వేడి ఒక డిగ్రీ దాకా పెరిగి, మూడు నాలుగు గంటల పాటు తగ్గలేదు. రక్తం తొందరగా గడ్డకట్టే గుణం పెరిగింది. రక్తనాళాలు విప్పారాల్సినంతగా విప్పారలేదు. సిగరెట్ అలవాటు లేనివాళ్లలోనే ఇలా ఉంటే, లోపల కొవ్వు పేరుకున్న రక్తనాళంలో ఏం జరుగుతుందో మీరే ఊహించండి. గొట్టాలు చుట్టుకుంటున్నప్పుడు మీ మిత్రుడు కూలిపోయాడంటే నాకు వింతగా అనిపించలేదు. మంట ఆరింది కానీ, ఆయన ఒంట్లో ఆ మంట పెట్టిన భారం ఇంకా దిగలేదు.

కాబట్టి బీపీ మాత్రలు మానేయడం ఈ రోజుతో ఆపేయండి. మీరు మామూలు ఉద్యోగి అయితే ఇదే మాట కొంచెం మెత్తగా చెప్పేవాణ్ని. మీ విషయంలో అలా చెప్పలేను. ఒక వారం పాటు ఉదయం, రాత్రి బీపీ చూసుకుని రాసి పెట్టుకోండి. అది తీసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లి, వేడిలో బరువు మోసే పని మీదని ముందే చెప్పండి. బీపీ మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి. వేడిలో పని చేసేవాళ్లకు ఇవి ఇబ్బంది పెట్టవచ్చు కాబట్టి మందు మార్చాలో, మోతాదు మార్చాలో ఆయన చూస్తారు. మీ అంతట మీరు మార్చకండి. షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీతో పాటు ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోండి. మీ పనికి కావాల్సినంత దమ్ము మీకు ఉందో లేదో అందులో తెలుస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు వాడే శక్తికి ఎన్ని రెట్లు శ్రమ చేయగలరో చెప్పే మెట్స్ అనే లెక్కలో 12 వరకు చేరగలిగితే మంచిదని ఈ రంగంలోని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. చేరకపోతే బెంగ పడకండి. రోజూ వేగంగా నడవడం, మెట్లెక్కడం, వారంలో రెండు మూడు రోజులు బరువులతో వ్యాయామం చేస్తే కొన్ని నెలల్లో తేడా కనిపిస్తుంది. సిగరెట్ ఉంటే మానేయండి.

పని జరిగేచోట విశ్రాంతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది దీన్ని బలహీనత అనుకుంటారు. అలా అనుకుని, రెండో సిలిండర్ అయ్యాక నీళ్లు కూడా తాగకుండా మూడోది తగిలించుకుని వెళ్తారు. అరగంట సిలిండర్లు రెండు అయిపోయాక, లేదా ముప్పావు గంట, గంట వచ్చే పెద్ద సిలిండర్ ఒకటి అయిపోయాక కనీసం 20 నిమిషాలు పక్కకు రావాలన్నది అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లో ఉన్న నియమం. పక్కకు రావడమంటే కోటు వేసుకునే నీడలో నిలబడడం కాదు. కోటు, హుడ్ తీసేయాలి, ప్యాంటు కిందికి దించాలి, కూర్చుని చేతులు మోచేతుల దాకా చల్లని నీళ్లలో పెట్టాలి. ముంజేతుల చర్మం దగ్గర రక్తప్రసరణ బాగా ఉంటుంది, ఒంటి వేడి అక్కడి నుంచి త్వరగా దిగుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. ఇరవై నిమిషాలు కూర్చున్నాక కూడా నాడి నిమిషానికి వంద దాటి కొట్టుకుంటుంటే నేనైతే ఆ మనిషిని మళ్లీ లోపలికి పంపను.

ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఎన్నడూ లేనిది ఎదురు తిరుగుతున్నా వడదెబ్బ అనే అనుకోండి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిందంటే ప్రతి నిమిషం లెక్కే. సూటు తీసేసి చల్లటి నీళ్లలో ముంచండి, వీలుకాకపోతే మీ గొట్టంతోనే ఒళ్లంతా ఎడతెగకుండా తడపండి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే అంబులెన్స్ కదలాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే మాత్రం ‘కాసేపు చూద్దాం’ అనే మాటే వద్దు. మరునాడు మూత్రం కోలా రంగులో వచ్చి, కండరాలు బిగుసుకుని నొప్పిగా ఉంటే కండరాలు దెబ్బతిని ఆ ప్రభావం కిడ్నీలకు చేరుతోందని అర్థం. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. నీరసించిన ఒంటితో ఒళ్లు నొప్పుల మాత్రలు మింగకండి, అవి కూడా కిడ్నీలకే దెబ్బ.

కాలిన గాయాల విషయంలో ఒక్క సంగతే చెబుతాను, ఎందుకంటే మీ శిక్షణలో మిగతావి నేర్పే ఉంటారు. మీ ఒళ్లు కాలడానికి మంట తగలక్కర్లేదు. చర్మం 44 డిగ్రీల దగ్గర మంట పుడుతుంది, 55 దగ్గర బొబ్బలెక్కుతుంది. లోపలి బనియను చెమటకో నీళ్లకో తడిసి ఉంటే ఆ తడి ఆవిరై చర్మాన్ని ఉడికిస్తుంది. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు, సిలిండర్ పట్టీ భుజాన్ని నొక్కినప్పుడు సూటు పొరల మధ్య గాలి పోయి వేడి నేరుగా లోపలికి వస్తుంది. గాయాలు సాధారణంగా ఆ రెండు చోట్లే ఉండడానికి కారణం అదే. తడిసిన లోదుస్తులు మార్చుకోకుండా రెండోసారి లోపలికి వెళ్లకండి. కాలితే 20 నిమిషాలు ధారగా పారే చల్లని నీళ్ల కింద పెట్టండి. ఐస్ వద్దు, ఏ పూతా వద్దు.

మీ మోకాలికి వస్తాను. మీ వృత్తిలో గాయాలంటే ఎక్కువగా బెణుకులు, కండరాలు పట్టేయడమే. మంటల దగ్గర కంటే బండి దిగేటప్పుడు, తడి నేల మీద గొట్టం లాగేటప్పుడు ఇవి జరగడం నేను చూశాను. బండి మీంచి దూకకండి. ముఖం బండి వైపు పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ ఆనుకుని ఉండేలా దిగండి. రెండుసార్లు బెణికిన మోకాలు మూడోసారి ఇంకా తేలిగ్గా బెణుకుతుంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గర తొడ ముందు వెనక కండరాలకు కనీసం ఆరు వారాల వ్యాయామం చేయండి. ఒంటి కాలి మీద నిలబడి ఊగకుండా ఉండగలుగుతున్నారా, ఆ కాలితోనే మెట్టు ఎక్కి దిగగలుగుతున్నారా చూసుకోండి. లేకపోతే నిచ్చెన ఎక్కే పని ఇంకా మీది కాదు. ఇక బండిలో సీటు బెల్టు పెట్టుకోండి. దారిలో సిలిండర్ తగిలించుకునే హడావిడిలో చాలామంది బెల్టు పెట్టుకోరు. మంటల దగ్గరకు చేరకముందే రోడ్డు ప్రమాదంలో ప్రాణం పోవడం మీ వృత్తిలో అరుదు కాదు.

ఇంకొకటి డాక్టరుగా కాదు, మనిషిగా చెప్పాలనిపిస్తోంది. 1999 డిసెంబర్ 3న అమెరికాలోని వూస్టర్ నగరంలో కిటికీలు లేని ఒక పాత శీతల గిడ్డంగిలో మంటలార్పడానికి వెళ్లిన ఇద్దరు పొగలో దారి తప్పారు, సిలిండర్లలో గాలి అయిపోయింది. వాళ్లను వెతకడానికి వెళ్లిన నలుగురు కూడా తిరిగి రాలేదు. గాలి అయిపోవస్తోందని హెచ్చరించే సిలిండర్ విజిల్ మోగినప్పుడు బయలుదేరడం కాదు, విజిల్ మోగేసరికి బయట ఉండాలి. లోపలికి ఎంత గాలితో వెళ్లారో, బయటికి రావడానికి ఎంత కావాలో లెక్క వేసుకునే అడుగు వేయండి. ఆయాసం పెరిగితే సిలిండర్ మీద రాసిన నిమిషాల కంటే చాలా ముందే గాలి అయిపోతుంది. కదలిక ఆగిన 30 సెకన్లకు మోగే అలారం మీ సెట్‌కి ఉంటే లోపలికి వెళ్లేముందు అది ఆన్ అయిందో లేదో జోడీగా వెళ్లే ఇద్దరూ ఒకరిది ఒకరు చూడండి.

పని అయిపోయాక సూటు మీది మసిని అక్కడికక్కడే సబ్బునీళ్లతో, బ్రష్‌తో కడగండి. మెడ, చేతులు తుడుచుకోండి, స్టేషన్‌కి రాగానే తలస్నానం చేయండి. మసి పట్టిన సూటుని పడుకునే గదిలోకి గానీ, ఇంటికి గానీ తీసుకెళ్లకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. మసి అంటిన హెల్మెట్ గొప్పతనానికి గుర్తు అనుకునే రోజులు పోవాలి.

కళ్ల ముందు మనిషి కూలిపోవడం చూశాక టెన్షన్ రావడం సహజం. నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యమే తిరిగి తిరిగి కళ్ల ముందుకు రావడం, బెల్ మోగితే వణుకు రావడం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. దీన్ని కూడా డ్యూటీలో తగిలిన గాయంగానే చూడాలి.

మీ సహోద్యోగి మళ్లీ డ్యూటీకి రావచ్చా అని అడిగారు. స్టెంట్ పడింది కాబట్టి మంటల దగ్గరి పని అయిపోయిందని ఇప్పుడే అనలేం, నొప్పి లేదు కాబట్టి రేపే వచ్చేయొచ్చనీ అనలేం. గుండె పంపింగ్ ఎంతుందో, మిగతా రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూసి, కొన్ని నెలల పాటు పర్యవేక్షణలో వ్యాయామం చేయించి, ఆ తర్వాత ట్రెడ్‌మిల్ మీద పరీక్షించి కార్డియాలజిస్ట్ రాసి ఇవ్వాలి. స్టెంట్ పడినవాళ్లకు ఇచ్చే, రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతున్నంత కాలం దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగదు. ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈలోపు కంట్రోల్ రూమ్‌లోనో, శిక్షణలోనో పని అడగమనండి. ట్రెడ్‌మిల్ పరీక్షకు మీరిద్దరూ ఒకే రోజు వెళ్తే మీకూ వాయిదా వేయడానికి కుదరదు.