టెక్ సందేహాలు: స్పీడ్ బోటు స్టీరింగ్‌కి ఫోన్ యాప్ ఎందుకండీ?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంటాను. ఫారిన్ క్లయింట్ కోసం రెండు అవుట్‌బోర్డ్ ఇంజిన్లున్న (బోటు వెనక బయట బిగించేవి, అవే పక్కకి తిరిగి బోటుని తిప్పుతాయి) స్పీడ్ బోటుకి ఎలక్ట్రానిక్ స్టీరింగ్ కంట్రోలర్ తయారు చేస్తున్నాం. స్టీరింగ్ వీల్‌కీ ఇంజిన్‌కీ మధ్య కేబుల్ గానీ హైడ్రాలిక్ పైపు గానీ ఉండదు, అంతా వైర్ల మీదే. స్టీరింగ్ సెన్సిటివిటీని ఫోన్ యాప్‌లో మార్చుకునేలా ఉండాలి, అప్‌డేట్లు కూడా వైఫై మీద రావాలి అంటున్నారు. ఖర్చు తగ్గుతుందని స్టీరింగ్‌ని కూడా బోటులో జీపీఎస్, స్క్రీన్, సెన్సర్లు అన్నిటినీ కలిపే ఎన్‌ఎంఈఏ 2000 నెట్‌వర్క్ మీదే పెట్టేద్దామంటున్నారు. యాప్‌కి పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ పెడితే సరిపోతుందా సార్?

జవాబు: సరిపోదండి. మొన్నటిదాకా ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి ఇదే అడిగారు, అంతకుముందు కార్ల గురించి, ఇప్పుడు బోట్ల దాకా వచ్చింది, బండి ఏదైనా ప్రశ్న మాత్రం మారట్లేదు, "యాప్‌తో కనెక్ట్ చేస్తున్నాం, పాస్‌వర్డ్ పెట్టాం, సేఫే కదా?" అని. పాస్‌వర్డ్ యాప్‌కి పెడతారు. యాప్ వెనకాల ఉన్న వైర్‌కి ఎవరూ పెట్టరు. గొడవంతా ఆ వైర్ దగ్గరే ఉంది.

ఎన్‌ఎంఈఏ 2000 లోపల ఉన్నది క్యాన్ బస్సే, అంటే డబ్బాలన్నీ ఒకే వైర్ల జత మీద మెసేజ్‌లు పంపుకునే పద్ధతి, సెకనుకి 250 కిలోబిట్లు. 1986లో కార్ల కోసం క్యాన్‌ని బయటికి తెచ్చినప్పుడు వైర్ మీద ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అనే లెక్కతో డిజైన్ చేశారు, మెసేజ్ ఎవరు పంపారో చూసుకునే ఏర్పాటు అందులో లేదు, దాని మీద కట్టిన ఎన్‌ఎంఈఏ 2000లోనూ లేదు. మెసేజ్ నంబర్లు కూడా రహస్యం కాదు, 127245 అంటే రడ్డర్ (చుక్కాని), 127250 అంటే బోటు ఎటు చూస్తోందో, 127237 అంటే ఇటు తిరుగు, ఈ దారి పట్టు అని. ఆ వైర్ మీదకి ఎక్కిన ఏ డబ్బా అయినా వీటిని పంపొచ్చు, వినేవాడికి అసలుకీ నకిలీకీ తేడా తెలీదు. ఎక్కడం కష్టమా అంటే అదీ కాదు. ఓనర్లే ఈ నెట్‌వర్క్‌ని వైఫైకి కలిపే చవకపాటి గేట్‌వే డబ్బా ఒకటి కొని, టీ కనెక్టర్‌కి తగిలించేసి, ట్యాబ్‌లో చార్ట్ కనిపించగానే సంబరపడిపోయి, డబ్బా మీద స్టిక్కర్‌లో ఉన్న పాస్‌వర్డ్‌ని అలాగే వదిలేస్తారు. మెరీనాలో, అంటే బోట్లు కట్టేసే చోట, పక్క బోటులో కూర్చున్నవాడికి అది చాలు. ఎన్నిసార్లు చెప్పినా ఆ పాస్‌వర్డ్ మార్చని వాళ్ళని చూస్తే నిజంగా ఒళ్ళు మండుతుంది.

"మా గేట్‌వే రీడ్ ఓన్లీ, యాప్ వైపు నుంచి వినడమే తప్ప పంపడం కుదరదు" అని మీ క్లయింట్ అనొచ్చు. 2015లో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు రీసెర్చర్లు హైవే మీద పోతున్న కారుని ఇంట్లో కూర్చుని చతికిలపడేలా చేశారు, ఆ దెబ్బకి 14 లక్షల బండ్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. అందులో మ్యూజిక్ సిస్టమ్‌కీ క్యాన్ బస్‌కీ మధ్య ఉన్న చిప్ కూడా వినడానికి పెట్టిందే. వాళ్ళు ఆ చిప్‌లో ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మార్చేశారు, అది అసలు కంపెనీదేనా అని చూసే సిగ్నేచర్ చెక్ లేదు, వినాల్సిన చిప్ కాస్తా మాట్లాడటం మొదలెట్టింది. సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన రీడ్ ఓన్లీని సాఫ్ట్‌వేర్‌తోనే తీసేయొచ్చు. అందుకని స్టీరింగ్‌ని ఎన్‌ఎంఈఏ 2000 మీద పెట్టకండి, దానికి విడిగా ఒక ప్రైవేట్ బస్ ఇవ్వండి, యాప్ వైపు చిప్ ఆ స్టీరింగ్ బస్‌ని వినాల్సిందే అంటే దాని ట్రాన్స్‌మిట్ పిన్‌ని బోర్డు మీదే కలపకండి. ఆ కనెక్షనే లేనప్పుడు ఏ ఫర్మ్‌వేర్ ఎక్కించినా నోరు లేవదు. మెసేజ్ అందిందని చెప్పే ఎకనాలెడ్జ్ సంగతి ఏంటంటారేమో, స్టీరింగ్ బస్‌లో ఉన్న మిగతా డబ్బాలు ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి, ఇబ్బంది ఉండదు. ఆటోపైలట్ నుంచి కమాండ్ రావాల్సి ఉంటే దానికొక్కదానికి సన్నటి దారి విడిగా ఇవ్వండి, డిగ్రీలకీ వేగానికీ గట్టి లిమిట్ పెట్టి, మనిషి చెయ్యి వీల్ మీద పడగానే ఆ దారి మూసుకుపోయేలా.

అయితే నాకు అన్నిటికంటే భయం వేసేది ఇది కాదు. స్టీరింగ్ మెసేజ్ ఒక్కటి కూడా నకిలీ చేయకుండా బోటుని తిప్పేసే దారి ఇంకోటుంది, దాన్ని ఫీచర్ పేరు చెప్పి మనమే తెరిచిపెడుతున్నాం. వీల్ ఎంత తిప్పితే ఇంజిన్ ఎంత తిరగాలి అన్నది ఇందులో సాఫ్ట్‌వేర్ లెక్క. జెట్టీ దగ్గర నెమ్మదిగా పోతున్నప్పుడు కాస్త తిప్పితే బాగా తిరగాలి, స్పీడులో ఉన్నప్పుడు అంతే తిప్పితే చాలా తక్కువ తిరగాలి. బావుంది. మరి ఇప్పుడు బోటు ఎంత స్పీడులో ఉందో కంట్రోలర్‌కి చెప్పేది ఎవరు? చేతికి సులువుగా దొరికేది జీపీఎస్ స్పీడ్, అందరూ వాడే ఎన్‌ఎంఈఏ 2000 మీద రెడీగా వచ్చి పడుతుంటుంది కాబట్టి దాన్నే వాడేశారనుకోండి. బోటు గంటకి 110 కిలోమీటర్ల మీద పోతోంది, ఎవడో కావాలనో, లేదా పాడైన సెన్సర్ ఒకటి దానంతటదో, స్పీడ్ 8 అని పంపింది. డ్రైవర్ రోజూ తిప్పినంతే తిప్పుతాడు, ఇంజిన్లు మాత్రం జెట్టీ దగ్గర తిరిగినంత తిరుగుతాయి. ఆ స్పీడులో అంత తిరిగితే బోటు గిర్రున స్పిన్ అయిపోతుంది, లోపలున్నవాళ్ళు నీళ్ళలోకి విసిరేసినట్టు పడతారు. తర్వాత లాగ్ తీసి చూస్తే వీల్ తిప్పింది డ్రైవరే అని ఉంటుంది, ఎక్కడా దొంగ స్టీరింగ్ కమాండ్ కనపడదు, తప్పు అతని నెత్తినే పడుతుంది.

ఇది ఊహాగానం అనుకోకండి. 2013లో టెక్సస్ యూనివర్సిటీలో టాడ్ హంఫ్రీస్ టీమ్ మధ్యధరా సముద్రంలో 65 మీటర్ల యాట్‌ని, పర్మిషన్ తీసుకునే, నకిలీ జీపీఎస్ సిగ్నల్‌తో దారి మళ్ళించింది. అలారం ఒక్కటీ మోగలేదు, స్క్రీన్ మీద చూస్తే యాట్ సరైన దారిలోనే ఉన్నట్టు కనిపించింది. అదంతా నెట్‌వర్క్‌ని ముట్టుకోకుండా, కేవలం గాల్లోంచి. కాబట్టి స్టీరింగ్ నిష్పత్తిని ఇంజిన్ ఆర్‌పీఎం బట్టి లెక్కేయండి, అది మీ ప్రైవేట్ బస్ మీదే దొరుకుతుంది. జీపీఎస్‌ని సరిచూసుకోడానికి మాత్రం వాడండి, రెండూ పొసగకపోతే ఎక్కువ స్పీడ్ ఏది చెప్తోందో దాన్నే నమ్మండి. నిష్పత్తి మారేటప్పుడు కూడా ఠక్కున కాదు, మెల్లగా మారాలి.

ఇంకో మాట. "ఏదైనా ఫెయిలైతే సేఫ్ మోడ్‌లోకి వెళ్తుంది" అని డిజైన్ డాక్యుమెంట్‌లో ఒక లైన్ రాసేసి దులుపుకుంటారు చూశారా, స్టీరింగ్‌కి సేఫ్ మోడ్ అంటే ఏంటో అది రాసినవాళ్ళు చెప్పాలి. ఇంజిన్ వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ అయితే ఐడిల్‌కి తేవచ్చు. స్టీరింగ్‌ని ఉన్నచోటే బిగించేస్తే మలుపులో ఉన్న బోటు తిరుగుతూనే పోతుంది, మధ్యకి తెచ్చేస్తే ఎదురుగా గట్టుందో ఇంకో బోటుందో చూసేదెవరు? 2018 నవంబర్‌లో విజయవాడ దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ రేసులు చూసినవాళ్ళకి తెలుసు, ఫుల్ స్పీడులో ఆ బోట్లు నీళ్ళని ఎంత కొంచెం తాకుతూ పోతాయో. మీ క్లయింట్ బోటు రేసు బోటు కాకపోయినా 110 స్పీడు అంటే సెకనుకి 30 మీటర్లు, కంట్రోలర్ రీస్టార్ట్ అవ్వడానికి సెకనులో పదో వంతు తీసుకున్నా ఈలోపు మూడు మీటర్లు పోయింది. అందుకే ఫెయిలయ్యాక కూడా పని చేస్తూనే ఉండాలి. వీల్ దగ్గర రెండు సెన్సర్లు, అవి కూడా రెండు వేరే వేరే పద్ధతుల్లో కొలిచేవి, రెండు ప్రాసెసర్లు, బ్యాటరీ నుంచి రెండు లైన్లు. ఒక ఇంజిన్‌ని తిప్పే స్టీరింగ్ మోటార్ ఆగిపోతే రెండోది లాక్కురావాలి, థ్రాటిల్‌ని మెల్లగా దించాలి, ఒక్కసారిగా కట్ చేస్తే బోటు ముక్కు కిందికి దిగి మనుషులు ముందుకి పడతారు. చిన్న బోట్ల ఎలక్ట్రానిక్ స్టీరింగ్, గేర్, థ్రాటిల్ కోసం ఐఎస్ఓ 25197 అని స్టాండర్డ్ 2012 నుంచే ఉంది, క్లయింట్ ఇచ్చిన రిక్వైర్‌మెంట్ల కంటే ముందు అది చదవండి.

సెన్సిటివిటీ మార్చుకోవాలంటే వీల్ పక్కనే ఒక నాబ్ పెట్టండి, గేర్ న్యూట్రల్‌లో ఉంటేనే పని చేసేలా. అప్‌డేట్ అయితే సిగ్నేచర్ చెక్ ఉండాలి, ఇంజిన్లు ఆఫ్‌లో ఉండాలి, మధ్యలో కరెంట్ పోతే పాత వెర్షన్ అలాగే బతికుండాలి, రెండు ఇంజిన్ల స్టీరింగ్ మోటార్లకీ ఒకే వెర్షన్ లేకపోతే స్టార్టే అవ్వకూడదు. ఇవన్నీ మీకు తెలిసినవే, డెడ్‌లైన్ దగ్గర పడ్డప్పుడు వదిలేసేవి కూడా ఇవే.

అసలు నడిపే యంత్రంలో ప్రతిదాన్నీ స్క్రీన్ మీదకి ఎక్కించే ఈ పిచ్చి ఎప్పుడు వదుల్తుందో తెలీదు. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా నేవీ డిస్ట్రాయర్ జాన్ ఎస్ మెకెయిన్ ఒక ట్యాంకర్‌కి గుద్దుకుంది, పదిమంది నావికులు చనిపోయారు. స్టీరింగ్ పాడవ్వలేదు. టచ్‌స్క్రీన్ మీద కంట్రోల్‌ని ఒక సీటు నుంచి ఇంకో సీటుకి మార్చేటప్పుడు థ్రాటిల్‌తో పాటు స్టీరింగ్ కూడా అటు వెళ్ళిపోయింది, చుక్కాని పట్టుకున్నవాడు స్టీరింగ్ పోయిందనుకున్నాడు, పక్కవాడు స్పీడ్ తగ్గిస్తే రెండు ప్రొపెల్లర్లలో ఒక్కటే తగ్గింది, ఓడ పక్కకి లాగేసింది. ట్రైనింగ్ ఉన్న నేవీ వాళ్ళకే ఎవరి చేతిలో ఏముందో ఆ స్క్రీన్ మీద అర్థం కాలేదు. ఆ తర్వాత నేవీ మళ్ళీ చేత్తో పట్టుకునే థ్రాటిల్స్ పెడతామని చెప్పింది. పెద్ద ఓడలకి కనీసం రూల్స్ వచ్చాయి, 2024 జులై 1 నుంచి కాంట్రాక్ట్ అయ్యే కొత్త ఓడలకి ఓడల భద్రతని తనిఖీ చేసి సర్టిఫై చేసే క్లాసిఫికేషన్ సొసైటీల సైబర్ నిబంధనలు ఈ26, ఈ27 తప్పనిసరి. మీ క్లయింట్ చేసే సైజు బోటు వాటి కిందకి రాదు. అంటే మీ టీమ్ పట్టించుకోకపోతే ఆ నిబంధనల పేరుతో అడిగేవాడు కూడా ఉండడు.

ప్రశ్న: మేము అమెరికాలో టాంపాలో ఉంటాం. 24 అడుగుల బోటు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, ఎలక్ట్రానిక్ స్టీరింగ్. డీలర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినప్పటి నుంచి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడల్లా స్టీరింగ్ అలారం మోగి ఆగిపోతోంది. పాత వెర్షన్‌కి వెళ్ళిపోవచ్చా?

జవాబు: వద్దండి. పాత వెర్షన్‌లో అలారం రాకపోవచ్చు, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడే వస్తోందంటే ముందు వోల్టేజ్‌ని అనుమానించాలి, కొత్త వెర్షన్ దాన్ని ఇంకాస్త గట్టిగా చూస్తుండొచ్చు. ఒకరు స్టార్ట్ చేస్తుంటే ఇంకొకరు మల్టీమీటర్ పెట్టి కొలవండి, బ్యాటరీ దగ్గర ఒకసారి, స్టీరింగ్ మోటార్ కనెక్టర్ దగ్గర ఒకసారి. బ్యాటరీ దగ్గర బాగానే ఉండి మోటార్ దగ్గర బాగా పడిపోతుంటే మధ్యలో ఎక్కడో ఉప్పు పట్టిన జాయింట్ ఉంది, వైర్‌ని కనెక్టర్‌కి నొక్కి బిగించిన చోట ఆకుపచ్చగా కనపడుతుంది.

తర్వాత పవర్ మొత్తం ఆపి ఎన్‌ఎంఈఏ 2000లో తెల్ల వైర్‌కీ నీలం వైర్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూడండి. 60 ఓమ్స్ దగ్గర ఉండాలి. 120 వస్తే ఒక చివర ఉండాల్సిన టెర్మినేటర్ (120 ఓమ్స్ రెసిస్టర్) లేదు, 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు. పాత ఓనర్ పెట్టిన వైఫై గేట్‌వే ఏదైనా కనిపిస్తే పీకేయండి, మీకు నిజంగా కావాలనుకుంటేనే రీసెట్ చేసి పాస్‌వర్డ్ మార్చి మళ్ళీ పెట్టుకోండి.

26 అడుగుల లోపు బోట్లకి ఇంజిన్ కటాఫ్ స్విచ్ (డ్రైవర్ పడిపోతే ఇంజిన్‌ని ఆపేది) ఉంటే, స్పీడుగా పోయేటప్పుడు దాని తాడు కట్టుకోవాలని అక్కడ 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టమే ఉంది, మీ బోటుకీ వర్తిస్తుంది. ఆ అలారం సంగతి తేలేదాకా నీళ్ళలోకి దించకండి. మల్టీమీటర్ రీడింగులు, అలారం కోడ్, అప్‌డేట్ వెర్షన్ నంబర్ పంపితే మిగతాది చూద్దాం.