ఓడకి సామాను కొనడం గుమస్తా పని కాదండీ

ప్రశ్న: మాది నరసాపురం. మా అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా ఆఖరి ఏడాది. నేవీ ఓడలకు పరికరాలు, స్పేర్లు కొనే పనిలో చేరతానంటోంది. ఇంత చదివి కొటేషన్లు తెచ్చే గుమస్తా అవడమేనా?

జవాబు: కొటేషన్లు పోల్చి తక్కువ ధరకు సంతకం పెట్టడమే అయితే మీ బెంగ న్యాయమేనండీ. కానీ 1994లో అమెరికా రక్షణ మంత్రి విలియం పెర్రీ, మిలిటరీకని ప్రత్యేకంగా చేయించడం తగ్గించి బజారు సరుకు వాడమన్నాక అక్కడ ఈ పని తీరే మారింది. బజారులో దొరికేది ఓడకు సరిపోతుందో లేదో తేల్చేది ఇంజినీరే.

మీ అమ్మాయి సబ్జెక్టులోంచే చెబుతాను. మనింట్లో కరెంటు 50 హెర్ట్జ్. చాలా యుద్ధనౌకల్లో 440 వోల్టులు, 60 హెర్ట్జ్. 50 హెర్ట్జ్‌కి చేసిన నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారున్న సెంట్రిఫ్యూగల్ పంపును (చక్రం తిరిగి నీళ్లు తోసేది) ఓడలో బిగిస్తే, సింక్రనస్ వేగం, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉండే వేగం, నిమిషానికి 1500 చుట్ల నుంచి 1800కి పోతుంది. పంపు లాగే పవరు వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సుమారు 1.73 రెట్లవుతుంది. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పవుతుంది. ఎవరో రిలే సెట్టింగు పెంచుతారు, వైండింగు కాలుతుంది. మొదటే 60 హెర్ట్జ్‌కి డిజైన్ చేసిన పంపు సెట్టు అడిగి ఉంటే ఈ గొడవే లేదు.

కంప్యూటర్ల సంగతి వేరు. షాక్ మౌంట్ల (కుదుపు తట్టుకునే ఆధారాల) మీద పెట్టిన క్యాబినెట్ కుదుపుకి కదలాలి. చుట్టూ ఖాళీ, కేబుల్లో కొంచెం వదులు ఉంచకపోతే ముందు కనెక్టరే విరుగుతుంది. పైగా ఓడ పాతికేళ్లు పైనే నడుస్తుంది, కంప్యూటర్లోని సర్క్యూట్ బోర్డు మోడల్ తయారీ కొన్నేళ్లకే ఆగిపోతుంది. ఆపే ముందే స్పేర్లు కొనాలి, లేదా అదే కొలతలో, అదే కనెక్టర్లతో పనిచేసే బదులు బోర్డు వెతకాలి.

ఇక స్పేర్ల రకాలు తగ్గించడం. మీవైపు రొయ్యల రైతు ఏరేటర్లన్నీ ఒకే మోడల్ పెట్టుకుంటే ఒక్క స్పేర్ గేర్‌బాక్సుతో సర్దుకుంటాడు కదా, ఇదీ అంతే. 6205 నంబరు బేరింగు ఏ మంచి కంపెనీదైనా లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లే. అయితే ఆర్డరులో ఉత్త ‘6205’ అని రాస్తే సీల్ లేనిది రావచ్చు. నంబరు వెనకుండే 2ఆర్‌ఎస్ (రెండు వైపులా రబ్బరు సీలు), సీ3 (లోపలి వదులు మామూలు కంటే ఎక్కువ) లాంటి గుర్తులూ రాయాలి.

డిప్లొమాతో నేవీ సివిలియన్ ఛార్జ్‌మన్ (పని చూసే సూపర్‌వైజరు) పోస్టులకు పరీక్ష రాయొచ్చు. నోటిఫికేషన్లు ఏటా వస్తాయని నమ్ముకోవద్దు. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడం మేలు. విశాఖలో నేవల్ డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డు ఉన్నాయి.

ఈలోగా కాలేజీ ల్యాబులో ఒక మోటారు నేమ్‌ప్లేటు చూసి కొనుగోలు స్పెసిఫికేషన్ రాయమనండి: వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, ఫ్రేమ్ సైజు, ఐపీ రేటింగు (దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ), ఇన్సులేషన్ క్లాసు (వైండింగు ఎంత వేడి తట్టుకుంటుందో), డ్యూటీ (ఆగకుండా నడవాలా, ఆగి ఆగి నడవాలా). ఆ కాగితం ఒక్కటే ఇచ్చి, మోటారు చూడని క్లాస్‌మేట్‌ని కేటలాగులో అదే వెతకమనండి. వేరే మోటారు తేలితే, కాగితంలో ఏం రాయలేదో అక్కడే తెలిసిపోతుంది.