చెంపకు ఆనించి చూడు

బిడ్డా,

మీ నాయిన నిన్న రాత్రి ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి ఊరికొస్తున్నావట, పాత కొట్టంలో కరెంటు బట్టీ పెట్టి సిరామిక్ బొమ్మలు చేస్తావట. తిడుతూనే చెప్పాడు, కానీ అరగంట దాకా ఫోన్ పెట్టలేదు. వాడికి సంతోషమే. నాకూ అంతే. మన కుమ్మరి ఇంట్లో ఆడపిల్ల సారె, అదే కుండలు చేసే చక్రం, ముట్టొద్దనేవారు. మట్టి తేవాలి, గడ్డలు కొట్టాలి, తొక్కాలి, కుండలు కాల్చే ఆవానికి కంప మోయాలి. సారె దగ్గరికి పోతే మాత్రం మా నాయనమ్మ కసిరేది. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. సగం సంతోషంతో, సగం భయంతో.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. వైరింగ్ పని తెలిసినవాడితోనే చేయించు. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్వకు, తడిగుడ్డతో తుడువు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఊరికే పోదు. మా నాయిన చివరి నాలుగేళ్లు దగ్గుతూనే గడిపాడు. అందరూ బీడీల వల్ల అన్నారు, నేను నమ్మను. మాస్కు పెట్టుకో. 'సరే అత్తా' అనడం కాదు, పెట్టుకో.

ఊరి చెరువు మట్టే వాడతానన్నావట. మంచిదే. కానీ అది మా కాలపు చెరువు కాదు. మిషన్ కాకతీయలో పూడిక తీసి ట్రాక్టర్లతో చేలకు తోలారు. రైతులకు మేలే జరిగింది, మన జిగట మట్టి మాత్రం ఇప్పుడు వెతుక్కోవాలి. పిడికెడు తడిపి, తాడులా పేని, వేలికి చుట్టు. పగుళ్లు రాకపోతే తెచ్చుకో. ఆ ఎర్రమట్టి 1000 డిగ్రీల దాకా బాగుంటుంది. గట్టి మెరుపు కావాలని 1200కి కాల్చావంటే ఉబ్బి, వంగి, కూలబడుతుంది. అంత వేడికి వేరే మట్టి కొనుక్కో.

నీ బొమ్మల ఫోటోలు చూశాను. ఒకదాని మీద ఒకటి కూర్చున్న బండలు, అచ్చం దేవరకొండ గుట్టలే. ఒక బొమ్మకు మా అమ్మ నడుము ఉంది. నీళ్లకుండ చంకన పెట్టినప్పుడు పక్కకు ఒరిగే నడుము. నువ్వు ఆమెను చూడనే లేదు, నీ చేతికి ఎట్లా వచ్చిందో! అంతా బాగుంది గానీ, ఆ బండలు లోపల బోలుగా ఉన్నాయా, గట్టి ముద్దలా? నా భయం అక్కడే.

నాకు పన్నెండేళ్లు, మీ నాయినకు తొమ్మిది. శ్రావణం ముసురు. నాయిన అంగడికి పోయిన పూట దొంగచాటుగా ఒక ఎద్దును చేశాను. జానెడు ఎత్తు, మూపురం, గంగడోలు అన్నీ ఉన్నాయి. లోపలంతా ముద్దే. గరిసె వెనక రెండు రోజులు దాచాను. పైన తెల్లగా ఆరింది, చాలనుకున్నాను. నాయిన ఆవం పేరుస్తుంటే చూడకుండా కుండల నడుమ దూర్చాను. ఆ ఆవంలో ఒక పెళ్లివారి ఐరేని కుండలున్నాయి, పెళ్లిలో పూజకు పెట్టేవి.

పొగ తెల్లగా వచ్చినంతసేపు మంట పెంచొద్దని నాయిన అనేవాడు, కుండల్లో తడి ఉందని. కుండల తడి పోయింది. నా ఎద్దు తడి ఆయనకేం తెలుసు? మంట పెంచాడు. కాసేపటికి లోపల టప్పుమని ఒక్క చప్పుడు. తర్వాత పెంకులు జారుతున్న చప్పుడు, చాలాసేపు.

ఆవం విప్పితే ఎద్దు మూతి ఒక్కటి దొరికింది. మట్టితో ఆడే అలవాటు మీ నాయినది, కాబట్టి బరిగె వాడి మీదే విరిగింది. వాడు నన్నొకసారి చూశాడు. నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. తెల్లారితే పెళ్లివారు బాజాలతో కుండలకు వస్తారు. అమ్మ ఆ రాత్రే వానలో పుట్టింటికి నడిచిపోయి, మా మేనమామల ఇంట్లో కుండలు నెత్తిన పెట్టుకొని వచ్చింది. బాజాలు వాకిట్లోకి రాకముందే సున్నం పూశాం. నా చేతులు వణికి గీతలు వంకరపోయాయి.

మట్టిలో నీళ్లు ఆవిరైతే బయటికి దారి కావాలి. లేకపోతే పగలగొట్టుకొని పోతాయి. అది దాటాక కూడా 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుందని, అక్కడ తొందరపడితే పగుళ్లొస్తాయని చెప్పింది నువ్వే కదా. తెలిసినదానివే, అయినా చెప్తా. లోపల తోడెయ్, గోడ బొటనవేలి మందం దాటనీయకు. కింద రంధ్రం పెట్టు. కాల్చిన పెంకుల పొడి కలుపు. తడి గోనెపట్టా కప్పి నీడన ఆరనీ, ముసురు పడితే వారాలైనా సరే. చివరికి చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, పక్కన పెట్టెయ్. ఎగ్జిబిషన్ తేదీ దగ్గరపడిందని నాకు చెప్పొద్దు.

మీ నాయిన ఆ ఎద్దు సంగతి ఇప్పటిదాకా ఎత్తలేదు. నా పెళ్లికి ఐరేని కుండలు వాడే చేశాడు. ఒకదాని మీద సున్నంతో చిన్న ఎద్దు గీశాడు. ఎవరూ పట్టించుకోలేదు, పీటల మీద నేనొక్కదాన్నే తల వంచుకొని ఏడ్చాను. పుట్టిల్లు వదిలిపోతున్నందుకనుకున్నారు.

బట్టీ మొదటిసారి అంటించే రోజు ముందే చెప్పు. పాలమూరు నుంచి ఒక రోజు ముందే వస్తా, కొట్టంలోనే మంచం వెయ్యి. మీ నాయినను కూడా ఎక్కడికీ పోనీయకు. నేను ఒక్కో బొమ్మనూ చెంపకు ఆనించి చూసేదాకా తలుపు మూయొద్దు.

మీ అత్త