అతుకు దగ్గర చెవి పెట్టు

నల్లగొండ

తమ్ముడూ,

నీ మెయిల్ రాత్రి చూశాను, పొద్దున మళ్లీ చదివాను. జడ్చర్లలో మీ నాయిన ట్రాక్టర్ షెడ్డులో స్పానర్లు అందిస్తూ పెరిగినవాడివి, వచ్చే నెల ఢిల్లీ దగ్గరున్న బుద్ధ్ సర్క్యూట్ రేసు ట్రాక్‌లో, పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే కొత్త హైబ్రిడ్ సూపర్‌కారు నడిపి దాని గురించి రాయబోతున్నావంటే నా కడుపు నిండింది. కారు పేరు ఫలానా తేదీ దాకా బయటపెట్టనని కంపెనీకి సంతకం చేసిచ్చావట. నాకు కూడా చెప్పకు. ఈ వృత్తిలో మొదట నిలబెట్టుకోవాల్సిన మాట అదే.

టెన్షన్‌గా ఉంది, ఎలా రాయాలో తెలియట్లేదు అన్నావు. నువ్వు పంపిన ఎలక్ట్రిక్ స్కూటర్ వ్యాసం పక్కన పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటి పేరాలో బండి రాకెట్‌లా దూసుకుపోయింది. రెండో పేరాలో చిరుతలా లంఘించింది. మూడో పేరాలో నీ గుండె గొంతులోకి వచ్చింది. ఈ మాటలు ఏ బండికైనా అతుకుతాయి కాబట్టి నీ బండి గురించి ఏమీ చెప్పడం లేదు. కానీ చివర్లో ఒక వాక్యం ఉంది: "క్లాక్ టవర్ దగ్గర స్పీడ్ బ్రేకర్ వస్తోందని యాక్సిలరేటర్ వదిలాను, బ్రేక్ మీద చెయ్యి వేయకముందే బండిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టయింది, వెనక కూర్చున్న అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది." ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నువ్వు రచయితవి అవుతావని నాకు నమ్మకం కలిగింది అక్కడే.

అక్కడ ఏం జరిగిందో నీకు తెలుసు. మోటారు జనరేటర్‌గా మారి, బండి ఊపును కరెంటుగా బ్యాటరీలోకి తోడుకుంది. లాగే మోటారు ఆపే మోటారుగా మారిన ఆ అతుకును మీ అమ్మ చెయ్యి పట్టుకుంది. హైబ్రిడ్ సూపర్‌కారులో కూడా నువ్వు వెతకాల్సింది ఇదే. అందులో పెట్రోలుకూ కరెంటుకూ మధ్య ఇలాంటి అతుకులు ఎన్నో ఉంటాయి. వాటిని కనపడకుండా చేయడానికే ఇంజనీర్లు ఏళ్ల తరబడి కష్టపడతారు. పుట్టపాకలో తేలియా రుమాలు నేసే ఇంటికి నిన్ను తీసుకెళ్లాను గుర్తుందా? పడుగూ పేకా రెండింటికీ ముందే వేరువేరుగా రంగులద్ది, మగ్గం మీద ఒక దారం రంగు మీదికి ఇంకో దారం రంగు సరిగ్గా వచ్చి కూర్చునేలా నేస్తారు. నువ్వు వంగి పువ్వు అంచు చూశావు. అంచులో సన్నటి మసక ఉంటుంది. నేతగాడి పనితనం తెలిసేది ఆ మసక ఎంత సన్నగా ఉందనే దాన్ని బట్టే. కారు దగ్గర కూడా అలాగే వంగి చూడు.

మొదటి అతుకు పిట్ లేన్‌లోనే, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆగి బయల్దేరే దారిలోనే తగులుతుంది. ఇలాంటి చాలా కార్లు చప్పుడు లేకుండా కరెంటు మీద కదులుతాయి. ఇంజన్ ఎప్పుడు లేచింది, సీటులోంచి తెలిసిందా, చెవికి తెలిసిందా, అసలు తెలియలేదా? హెల్మెట్ పెట్టుకుంటే చప్పుడు సగం పోతుంది కాబట్టి ముందే ఒకసారి హెల్మెట్ లేకుండా పక్కన నిలబడి విను. రివర్స్ గురించి కూడా అడుగు. మెక్‌లారెన్ కంపెనీ హైబ్రిడ్ సూపర్‌కారు ఆర్టూరా గేర్‌బాక్స్‌లో రివర్స్ గేరే లేదు. ఎలక్ట్రిక్ మోటారు వెనక్కి తిరిగితే కారు వెనక్కి వస్తుంది. ఒక గేరు బరువు తప్పించుకున్నారు. ఈ ఒక్క ముక్క మీ నాయినకు చెప్పి చూడు, చేతిలో పని ఆపి ఇంకోసారి చెప్పమంటాడు. నీ పాఠకుడు ఆయనే. కోట్లు పెట్టి కొనేవాడు కాదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఇలాంటిదే ఇంకో హైబ్రిడ్ కారు లాంబోర్గినీ టెమెరారియో 2025లో మన దేశంలోకి వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధర 6 కోట్లు. పాలమూరులో, నల్లగొండలో దాన్ని ఎవరు కొంటారు, తెలుగులో రాసి ఏం లాభం అని నీ స్నేహితులు అన్నారని రాశావు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. తట్టా గడ్డపారా పట్టుకుని ఎన్ని రాష్ట్రాల్లో ఎన్ని డ్యాములు కట్టారు, ఎన్ని రోడ్లు వేశారు! వాళ్ల పిల్లలు ఇప్పుడు ఐటీఐలో మోటార్ మెకానిక్ చదువుతున్నారు, హైదరాబాద్ వర్క్‌షాపుల్లో బానెట్ల కింద చేతులు పెడుతున్నారు. ఆ యంత్రం లోపల ఏం జరుగుతోందో తమ భాషలో చదువుకునే హక్కు వాళ్లకుంది. కొనలేనివాడికి తెలుసుకోవాలన్న ఆశ ఉండదని అనుకునేవాళ్లతో నేను ముప్పై ఏళ్లుగా కొట్లాడుతున్నాను. నువ్వూ కొట్లాడు.

వాళ్లకు అంకెలు చెప్పేటప్పుడు పోలిక మన వీధిలోంచి తీసుకో. ఆర్టూరాలో బ్యాటరీ 7.4 కిలోవాట్ అవర్లు, అంటే కరెంటు బిల్లు లెక్కలో 7.4 యూనిట్లు. మన బస్టాండు ముందు తిరిగే మహీంద్రా ట్రియో ఎలక్ట్రిక్ ఆటోలో 7.37 యూనిట్లు. రెండూ దాదాపు ఒకటే! ఆటోకు ఆ బ్యాటరీయే తిండి, దానిమీదే రోజంతా బతకాలి. సూపర్‌కారుకు అది ఇంజన్ వెనకాల నిలబడి అవసరమైన క్షణంలో భుజం పట్టే తోడు మాత్రమే. ఫెరారీ 296 జీటీబీలో 7.45 యూనిట్ల బ్యాటరీ ఉంది. పెట్రోలు చుక్క ముట్టకుండా 25 కిలోమీటర్లు పోతుందని కంపెనీ చెబుతుంది. అంటే నల్లగొండలో బయల్దేరి నార్కట్‌పల్లి చేరుకోవచ్చు. అదే కారులో ఆరు సిలిండర్ల ఇంజనూ మోటారూ కలిస్తే 830 హార్స్‌పవర్. లాంబోర్గినీ రెవుయెల్టోలో పన్నెండు సిలిండర్లు, మూడు మోటార్లు, మొత్తం 1015 హార్స్‌పవర్, బ్యాటరీ మాత్రం 3.8 యూనిట్లే. హార్స్‌పవర్ పెద్దది, బ్యాటరీ చిన్నది ఎందుకు? బరువు. మోటార్లూ బ్యాటరీ లేని లాంబోర్గినీ పాత కారు హురాకాన్ ఎవో బరువు, ద్రవాలు పోయకముందు, 1422 కిలోలు. దాని స్థానంలో వచ్చిన టెమెరారియో 1690. మలుపులో ఆ అదనపు బరువు నీ నడుముకు తెలిసిందా లేదా, అది రాయి.

రెండో అతుకు మలుపు దాటి బయటికొచ్చేటప్పుడు. టర్బో ఇంజన్‌కు యాక్సిలరేటర్ తొక్కగానే పికప్ రాదు, ఎగ్జాస్ట్ గాలి టర్బో చక్రాన్ని తిప్పి ఊపందుకునే దాకా చిన్న వెలితి ఉంటుంది. డీజిల్ జీపులు నడిపిన మనకు అది బాగా తెలుసు. ఎలక్ట్రిక్ మోటారుకు సున్నా నుంచే పూర్తి లాగుడు ఉంటుంది కాబట్టి, ఆ వెలితిని అది పూడుస్తుంది. నువ్వు చేయాల్సిందల్లా ఒకే మలుపు ఎంచుకుని, ప్రతి రౌండులో అక్కడే గమనించడం. పదహారు మలుపులూ రాయాలని చూస్తే ఒక్కటీ దొరకదు. బుద్ధ్ సర్క్యూట్ 5 కిలోమీటర్ల పైచిలుకు, నీకు దొరికేవి నాలుగైదు రౌండ్లు. నన్నడిగితే నాలుగో మలుపు ఎంచుకో. మూడో మలుపు తర్వాత కిలోమీటరు పైన తిన్నటి దారి, దాని చివర కుడివైపు తిరిగే గట్టి మలుపు. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ కార్లు పూర్తి వేగంతో వచ్చి గట్టిగా బ్రేక్ వేసింది అక్కడే. మూడో అతుకు నీకు దొరికేది కూడా అక్కడే.

ఆ మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, బ్రేక్ పెడల్. లెక్క చూడు. మనిషితో కలిపి 1800 కిలోల బండి గంటకు 250 కిలోమీటర్ల వేగంలో ఉంది. మలుపుకు ముందు 100కి తగ్గించావు. ఆ కాస్తలో పోయిన శక్తి దాదాపు ఒక యూనిట్ కరెంటు, అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు తాగేది. అదంతా సుమారు నాలుగు సెకన్లలో ఎక్కడికో పోవాలి. నాలుగు సెకన్లలో ఒక యూనిట్ అంటే 900 కిలోవాట్లు. రెవుయెల్టోలో ముందు చక్రాల దగ్గరున్న రెండు మోటార్లూ కలిపితే 220 కిలోవాట్లు. అందుకే ట్రాక్ మీద మోటార్లు పట్టుకోగలిగింది పట్టుకుంటే, మిగిలినదంతా బ్రేక్ డిస్కుల్లో వేడిగా కాలిపోతుంది. నీ కాలు ఒక్కటే పెడల్ తొక్కుతుంది, లోపల పని ఇద్దరు పంచుకుంటారు. ఆ పంపకం సరిగా లేకపోతే పెడల్ ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా తగులుతుంది. ఈ చిక్కు దగ్గర కంపెనీలు వేరువేరు దారులు పట్టాయి. ఫెరారీ 296లో పెడల్‌కూ బ్రేకుకూ మధ్య కంప్యూటర్ కూర్చుని పంచుతుంది. మెక్‌లారెన్ వాళ్లు ఆర్టూరాలో బ్రేక్ ద్వారా కరెంటు తోడుకోవడమే వద్దనుకున్నారు, పెడల్ స్పర్శ చెడకూడదని. నీ కారు ఏ దారి పట్టిందో బండెక్కే ముందే ఇంజనీర్‌ను అడుగు. తెలిసి తొక్కితే కాలు ఎక్కువ చెబుతుంది.

వెళ్లేలోపు ఒకరోజు శ్రీశైలం బస్సెక్కు. మన్ననూరు దాటాక నల్లమల ఘాట్ మొదలయ్యే దగ్గర్నుంచి డ్రైవర్ పక్కన కూర్చుని ఆయన కాళ్లే చూడు. దిగుడులో బ్రేక్ మీద కాలు ఎంత తక్కువ పెడతాడో, గేరు తగ్గించి ఇంజన్‌తో బండిని ఎలా పట్టి ఉంచుతాడో చూడు. బ్రేకును అవసరానికి దాచుకోవడం ఆయనకు చేతనైనంత బాగా ఏ రేసు డ్రైవర్‌కూ చేతకాదని నా అభిప్రాయం.

ఇక నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి. నేను మొట్టమొదట ట్రాక్ మీద కారు నడిపింది మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాక్‌లో. ఒక కంపెనీ పిలిచింది, రైలు టిక్కెట్టు, హోటలు అన్నీ వాళ్లే చూశారు. నాలుగో రౌండులో బ్రేక్ పెడల్ మెత్తబడింది. ఐదో రౌండులో తొక్కితే నేల దాకా పోయింది. వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి చేరింది. బండి మలుపు దాటి కంకరలోకి పోయి ఆగింది. నాకేం కాలేదు. వాళ్లు ఎంతో మర్యాదగా నీళ్లిచ్చారు, భుజం తట్టారు. నేను వ్యాసంలో ఆ సంగతి రాయలేదు. మర్యాద చేసినవాళ్లను నొప్పించడం ఎందుకనుకున్నాను. కొన్ని నెలల తర్వాత నకిరేకల్ దగ్గర ధాబాలో ఒక లారీ డ్రైవర్ నా ఫొటో గుర్తుపట్టి, "సారూ, మా ఓనర్ కొడుకు మీరు రాసింది చదివి ఆ కారే కొన్నడు, ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మంచిగ పట్టుద్దా?" అని అడిగాడు. నాకు చాయ్ దిగలేదు. ఆ రోజు నుంచి ఏ కంపెనీ ఖర్చుతో వెళ్లినా ఆ మాట వ్యాసంలో మొదటే రాస్తున్నాను. బండి తప్పు చేస్తే ఎన్నో రౌండులో, ఎక్కడ, ఏం జరిగిందో రాస్తున్నాను. తర్వాత రెండు చోట్ల నన్ను పిలవడం మానేశారు. నువ్వు కూడా ఆ నష్టానికి సిద్ధపడి వెళ్లు.

అందుకే ప్రతి రౌండు మొదట్లో బ్యాటరీ గీత ఎక్కడుందో చూసి గుర్తుపెట్టుకో. మొదటి రౌండులో ఉన్న ఊపు నాలుగో రౌండులో ఉందా? ఫెరారీ 296లో క్వాలిఫై అనే మోడ్ పెడితే చార్జింగ్ ఎంత మిగిలిందో చూసుకోకుండా పూర్తి బలం ఇస్తుంది. పర్ఫార్మెన్స్ మోడ్‌లో ఇంజన్ బ్యాటరీని నింపుకుంటూ పోతుంది. నీకిచ్చిన కారు ఏ మోడ్‌లో పెట్టి ఇచ్చారో రాయకపోతే నీ టైమింగులకు విలువ లేదు.

ముందు పోయే ఇన్‌స్ట్రక్టర్ బండిని దాటాలని చూడకు. చివరి రౌండు నెమ్మదిగా పోనిచ్చి బ్రేకులు చల్లారనివ్వు, ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకు, కాలిన డిస్కును అది పట్టుకుంటుంది. దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా పక్కకు పోయి ఐదు నిమిషాలు రాసుకో. మాట్లాడావంటే ఇతరుల మాటలు నీ మాటల్లో కలిసిపోతాయి. చేతులు వణుకుతుంటే వణుకుతున్న అక్షరాలే ఉండనీ. ప్రెస్ నోట్ ఇంటికొచ్చేదాకా తెరవకు.

తిరిగొచ్చాక ఒక ఆదివారం నల్లగొండ రా. మీ వదిన జొన్నరొట్టె చేస్తుంది. సాఫు చేసిన వ్యాసం తర్వాత చూద్దాం, ముందు ఆ ఐదు నిమిషాల్లో రాసుకున్న కాగితం తీసుకురా. నాలుగో మలుపు దగ్గర పెడల్ నీ కాలికి ఎలా తగిలిందో అందులో ఉందో లేదో చూడాలి.

నీ అన్న