విశాఖ–విజయవాడ విమానం: 22 నిమిషాలా, గంటా?

ఓ సైట్ 22 నిమిషాలంటోంది, టికెట్‌లో గంట అని ఉంది, ఏది నిజమని అడిగారు కదా. టికెట్‌లో తప్పేమీ లేదు. మీరు చూసిన 22 నిమిషాలు ఆ సైట్ వేసిన ఒట్టి భాగహారం. విశాఖ నుంచి గన్నవరానికి (విజయవాడ ఎయిర్‌పోర్ట్ అక్కడే) తిన్నగా గీత గీస్తే సుమారు 290 కి.మీ. దాన్ని జెట్ వేగం, గంటకు 800 కి.మీ.తో భాగించేసింది. టికెట్‌లోని గంట మాత్రం విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ పూర్తిగా ఆగేదాకా. రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగడం అన్నీ అందులోనే. ఏటీఆర్ (రెక్కలకు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం) అయితే వేగమే 500 దగ్గర ఉంటుంది.

మీ అసలు టెన్షన్ శ్రీకాకుళంలో ఎన్నింటికి బయలుదేరాలన్నది కదా. చాలామంది విమానం టైమ్ నుంచి వెనక్కి లెక్కేస్తారు. అలా కాదు, కౌంటర్ మూసే టైమ్ నుంచి లెక్కేయండి.

1. విమానం ఉదయం 10:00కి అనుకుందాం. లగేజీ కౌంటర్ సాధారణంగా గంట ముందే, అంటే 9:00కి మూసేస్తారు.
2. 8:30కల్లా అక్కడ ఉండండి.
3. శ్రీకాకుళం నుంచి విశాఖ ఎయిర్‌పోర్ట్‌కి రోడ్డు దాదాపు 110 కి.మీ. ఆనందపురం దాకా హాయిగా వచ్చేస్తారు, విశాఖలో మధురవాడ నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాకా సిగ్నళ్ల దగ్గరే టైమ్ పోతుంది. మూడు గంటలు పెట్టుకోండి.
4. అంటే ఇంట్లోంచి 5:30కి కదలాలి.

టికెట్‌లో విశాఖ అని ఉందా, భోగాపురం (శ్రీకాకుళం వైపున్న కొత్త ఎయిర్‌పోర్ట్) అని ఉందా కూడా ఓసారి చూసుకోండి. భోగాపురమైతే మీకు దారి బాగా తగ్గుతుంది.