చేనేత షాపు అద్దంలో ఉగాదికి చేత్తో ఏం చెయ్యొచ్చు అంటే, నేనైతే మోదుగు కొమ్మ అంటా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చిన్న చేనేత చీరల షాపు, రోడ్డు వైపు ఆరడుగుల వెడల్పు అద్దం, ఉగాది ముందు వసంతం థీమ్‌తో చేత్తోనే డెకరేషన్ చెయ్యాలి, ఖర్చు ఐదు వేలు దాటకూడదు, నెట్‌లో వెతికితే అన్నీ గులాబీ రంగు చెర్రీ పూల కొమ్మలే వస్తున్నాయి, అవి పెట్టేయొచ్చా అని.

పెట్టొచ్చు కానీ వద్దండి. చెర్రీ పువ్వు బాగోదని కాదు, మన రోడ్డు మీద పోయేవాళ్ళకి ఆ పువ్వుకీ ఉగాదికీ సంబంధం తెలీదు, పైగా కేకుల షాపులో, సెల్ షోరూమ్‌లో, ఫోటో స్టూడియోలో అన్నిచోట్లా అదే ప్లాస్టిక్ కొమ్మ ఉంది, మీ చీర దాని పక్కన పెడితే చీర కూడా ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది. మాది రాజమండ్రి, మా బాబాయ్ షాపు అద్దం పండగ పండక్కీ నేనే చేస్తుంటా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఫిబ్రవరి చివర్లో మారేడుమిల్లి వైపు ఎప్పుడైనా వెళ్ళారా? తెలంగాణలో అయితే చాలాచోట్ల రోడ్డు పక్కనే కనిపిస్తుంది. మోదుగు చెట్టు ఒక్క ఆకు లేకుండా మొత్తం నారింజ రంగులో మండిపోతూ ఉంటుంది. చేత్తో చేసేవాళ్ళకి అదే అదృష్టం, ఎందుకంటే ఆకులు చెయ్యక్కర్లేదు. వేప కొమ్మ చెయ్యాలంటే ఆ సన్న ఆకులు వందలకొద్దీ కత్తిరించాలి, పూత మరీ చిన్నది, రోడ్డు అవతల నించి చూస్తే తెల్ల పొడి చల్లినట్టుంటుంది తప్ప పువ్వని తెలీదు. మోదుగుకైతే ఎండు కొమ్మ ఉంటే సగం పని అయిపోయినట్టే, పూలు నేరుగా కొమ్మకే అంటుకుని గుత్తులుగా ఉంటాయి, అసలు చెట్టు మీదా అలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ వంక పెట్టలేరు.

కొమ్మ ఎలాగూ కొనక్కర్లేదు. మాకైతే కడియం నర్సరీల దగ్గర కత్తిరించి పడేసినవి దొరుకుతాయి, మీ ఊళ్ళో మున్సిపాలిటీ వాళ్ళో కరెంటు వాళ్ళో చెట్లు కొట్టినప్పుడు అడిగి తెచ్చుకోండి. వంకర్లు తిరిగినదే తీసుకోండి, నిటారుగా ఉన్నది కర్రలాగే ఉంటుంది. తెచ్చాక బాగా ఎండలో పెట్టి, ఊడిపోయే బెరడు గీకేసి, ఒక కోటింగ్ వార్నిష్ వెయ్యండి, లేకపోతే లోపల పురుగుంటే చీరల షాపులోకి మనమే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

పువ్వు సంగతి. నారింజ రంగు క్రేప్ పేపర్, కాస్త మందంగా ఉండేది, పుట్టినరోజు రిబ్బన్లకి వాడే పల్చటిది కాదు. క్రేప్‌కి ముడతలు ఒకే దిశలో గీతల్లా ఉంటాయి, ముడతలు రేక పొడుగునా వచ్చేలా కత్తిరిస్తే అడ్డంగా లాగినప్పుడు రేక మధ్యలో దొప్పలా గుంట పడుతుంది, అడ్డంగా కత్తిరిస్తే ఎంత లాగినా రాదు. అసలు పువ్వుకి అయిదు రేకులు కానీ అద్దంలోకి మూడు చాలు: వెనక్కి వాలే వెడల్పాటి రేక ఒకటి, చిలక ముక్కులా వంగినది ఒకటి, పక్కన చిన్నది ఒకటి. అసలైనది రెండంగుళాలుంటుంది, మీరు నాలుగంగుళాలు చెయ్యండి, రోడ్డు మీంచి చూసే కంటికి అదే సరైన సైజు. రేకుల అడుగున నల్ల తొడిమ మాత్రం మర్చిపోకండి. మోదుగు తొడిమ నల్లటి మఖమల్‌లా ఉంటుంది, ఆ నలుపు పక్కన ఉండబట్టే నారింజ అంతలా మండుతుంది. తొడిమ లేకుండా చేస్తే బంతిపూలు అనుకుంటారు. నల్ల చార్ట్ పేపర్ చిన్న గిన్నెలా చుట్టి అంటించండి, వెల్వెట్ గుడ్డ ముక్కలు ఎవరైనా టైలర్ దగ్గర దొరికితే ఇంకా బావుంటుంది. సన్న బైండింగ్ వైరుతో కొమ్మకి కట్టండి, కొమ్మంతా సమానంగా కాదు, కొసల దగ్గర ఒత్తుగా, మొదట్లో ఖాళీగా.

ఒక జాగ్రత్త, ఇది పెద్ద విషయం. క్రేప్ రంగు తడి తగిలితే దిగుతుంది. గోదావరి జిల్లాల ఉక్కపోతకి, తడిగుడ్డతో అద్దం తుడిచే కుర్రాడికి, ఒక్క చుక్క చాలు, కింద ఉన్న తెల్ల మంగళగిరి చీర మీద నారింజ మరక పడ్డాక ఇక దాన్ని ఎవరూ కొనరు. కాబట్టి పూలు చీర మీద వాలకూడదు, చీరకి పక్కనో వెనకో ఉండాలి. చీరకి గుండుసూదులు కూడా వద్దు, తుప్పు మరక పోదు, కర్ర మీద వేసి కుచ్చిళ్ళు పెట్టి వదిలేస్తే చాలు.

కొమ్మని ఫాల్స్ సీలింగ్‌కి వేలాడదీయకండి, ఆ జిప్సం బరువు మోయదు. అటు గోడ నించి ఇటు గోడకి ఒక కర్టెన్ రాడ్ బిగించి దానికి నైలాన్ దారంతో రెండు మూడు చోట్ల కట్టండి, దారం దూరానికి కనపడదు. వెనకాల తెల్ల మార్కిన్ గుడ్డ ఫ్రేముకి లాగి కొట్టించండి. తెలుపే ఎందుకంటే పగలు బయట వెలుగు ఎక్కువ, లోపల చీకటి, అప్పుడు అద్దంలో ఎదురు షాపు బోర్డూ ఆగిన బైకులే కనిపిస్తాయి, మీ పని కనపడదు. వెనక లేత రంగు ఉండి, అద్దానికి లోపలి వైపు పైన లైట్లు పెట్టి వెనక్కి తిప్పితే ఆ నీడలు చాలావరకు తగ్గుతాయి. ఎల్‌ఈడీనే వాడండి, 3000 కెల్విన్ వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న తెల్ల వెలుగు, వేడెక్కే పాత ఫోకస్ లైట్లు కాగితం దగ్గర అస్సలు వద్దు. మీ ఐదు వేలల్లో ఎక్కువ భాగం లైట్లకే పెట్టమంటా, మిగతాదంతా కాగితం, గుడ్డ, కూలీ.

ఇక చీరలు. ఇక్కడే ఇంట్లో గొడవ. మా బాబాయ్ అయితే "అద్దం ఖాళీగా ఉంటే షాపు ఖాళీ అనుకుంటారమ్మా" అని ఇరవై చీరలు దోపమనేవాడు. నేను మూడే పెడతానన్నా, చివరికి వెనక ర్యాకులు రోడ్డు మీంచి కనపడేలా ఫ్రేము ఒక పక్క తెరిచి ఉంచితే ఒప్పుకున్నాడు, సరుకు ఉందని జనానికి తెలుస్తుంది, అద్దమూ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ మూడింట్లో ఒకటి చిలకాకుపచ్చ, ఒకటి మీగడ తెలుపు, ఒకటి మామిడి చిగురు రంగు, అదే ఆ రాగి ఎరుపూ గోధుమా కలిసిన రంగు, చాలామంది చిగురంటే పచ్చే అనుకుంటారు కానీ మామిడి లేత ఆకు మొదట రాగి రంగులోనే వస్తుంది. నారింజ చీర మాత్రం పెట్టకండి, పువ్వే దాన్ని మింగేస్తుంది. మా దగ్గర కోనసీమలో నేసే బండార్లంక కాటన్ ఎక్కువ పోతుంది కాబట్టి అదే పెడతాం, మీరు ఏది ఎక్కువ అమ్ముతారో అదే పెట్టండి, అద్దంలో చూసి లోపలికి వచ్చి అడిగితే "ఆ ఒక్కటే ఉందండీ" అనకూడదు కదా.

కొమ్మ మీద ఒక్క పిట్ట చాలు. కొండపల్లి బొమ్మల్లో చిలక దొరికితే అది పెట్టండి, తెల్ల పొణికి చెక్క తేలిక, కొమ్మ కుంగదు. కోయిల, చిలక, నెమలి, సీతాకోకచిలుకలు అన్నీ పెట్టేస్తే ఎల్‌కేజీ క్లాసు గోడ అయిపోద్ది.

టైము విషయానికొస్తే పండగ తేదీ ఒక్కలా ఉండదు, 2025లో ఉగాది మార్చి 30, 2026లో మార్చి 19. కొనేవాళ్ళు రెండు మూడు వారాల ముందే మొదలెడతారు కాబట్టి ఫిబ్రవరి ఆఖరికే అద్దం రెడీ అవ్వాలి, అప్పుడు బయట మోదుగు కూడా పూసి ఉంటుంది. పండక్కి రెండ్రోజుల ముందు పైన నిజం మామిడాకుల తోరణం కట్టండి, అంతకంటే ముందు కడితే లైట్ల కింద చుట్టుకుపోయి గోధుమ రంగుకి వచ్చేస్తుంది. తోరణం తీసేశాక శ్రీరామనవమి దాకా కొమ్మ అలాగే ఉంచొచ్చు, చీరలే మారుస్తుండాలి, ఒకే చీర వారాల తరబడి ఎండకి ఉంటే మడత దగ్గర గీతలా రంగు వెలిసిపోద్ది.

మీ అద్దం పడమర ముఖమా కాదా చెప్పలేదు. పడమరైతే మూడింటి నించి ఎండ నేరుగా కొడుతుంది, అద్దానికి ఎండ దెబ్బ తగ్గించే యూవీ ఫిల్మ్ వేయించినా పట్టు మాత్రం అక్కడ పెట్టకండి, కాటనే పెట్టండి. అది చెప్తే లైట్లు ఎటు తిప్పాలో కూడా చెప్తా, వీలైతే సాయంత్రం నాలుగింటికి రోడ్డు అవతల నించి తీసిన ఫోటో ఒకటి పెట్టండి.