కాలేజీ మారితే అప్పు తగ్గుతుందా?

మొదటి సెమిస్టరు సగంలో ఉండగానే 35 లక్షల అప్పు తలచుకొని నిద్ర పట్టడం లేదనీ, అమెరికాలో చేరిన ఈ ప్రైవేటు యూనివర్సిటీ వదిలి ఫీజు తక్కువున్న స్టేట్ యూనివర్సిటీకి మారాలనుకుంటున్నాననీ మీరు రాసింది చదివాక నా పాత నోటుపుస్తకం గుర్తుకు వచ్చింది. దాని అట్ట లోపల పెన్సిలుతో 712 అని రాసుకున్నాను. నా 20 లక్షల అప్పు మొత్తం విడుదలైతే 13 శాతం చొప్పున రోజుకు పడే వడ్డీ అది. మీ అప్పు 11 శాతానికి తెచ్చి ఉంటే అది రోజుకు 1,055 రూపాయలు. మీరు ఈ లెక్క వేసినట్టు లేదు. మీ ప్రశ్నలో అప్పు మొత్తం, క్రెడిట్ ఫీజు (కోర్సులను కొలిచే ఒక్కో యూనిట్‌కు కట్టేది) తప్ప మరో అంకె కనిపించలేదు.

నేను చేసిన పొరపాటూ అదే. నేను అమెరికా వచ్చిన 2013 ఆగస్టులోనే డాలరు 68 రూపాయలు దాటి, ఇంటి దగ్గర వేసుకున్న లెక్కలన్నీ తలకిందులయ్యాయి. మా కాలేజీలో క్రెడిట్‌కు 1,150 డాలర్లు, ఇంజనీరింగులో నాతో చదివిన మిత్రుడి కాలేజీలో 700. ఇంకేమి ఆలోచించాలి అనుకొని, డిసెంబరు చలిలో రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కరుతో బస్సెక్కాను.

దిగిన తరువాత తెలిసింది, 30 క్రెడిట్ల కోర్సులో నేను పూర్తిచేసిన 9 క్రెడిట్లలో కొత్త కాలేజీ 3 మాత్రమే ఒప్పుకుంటుందని. పాత చోటే ఉంటే మిగిలిన 21 క్రెడిట్లకు 24,150 డాలర్లు అయ్యేవి. కొత్త చోట 27 క్రెడిట్లకు 18,900 అయ్యాయి. మిగిలింది 5,250. కానీ లీజు మధ్యలో వదిలినందుకు 1,000, బస్సులు లేని ఊరు కాబట్టి పాత కారుకు 3,500, దాని ఇన్సూరెన్సుకు 600, అదనంగా పడిన సెమిస్టరులో నాలుగు నెలల అద్దెకూ తిండికీ 3,600 పోయాయి. అంటే ఆదా చేయబోయి 3,450 డాలర్లు నష్టపోయాను. మొదటి జీతం నాలుగు నెలలు వెనక్కి పోవడం ఈ లెక్కలో లేదు, వడ్డీ మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

ఐ-ట్వంటీ (స్టూడెంటు వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), సెవిస్ రికార్డు (అమెరికా ప్రభుత్వం దగ్గర ఉండే విదేశీ విద్యార్థి వివరాలు) బదిలీ నిబంధనలు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో చెబుతారు, నేను చెప్పనక్కరలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: రికార్డు కొత్త కాలేజీకి విడుదలైన రోజు నుంచి పాత క్యాంపస్‌లో ఉద్యోగం చేయకూడదు. లైబ్రరీలో వారానికి 20 గంటల పని అలా పోయి, కొత్త చోట పని దొరికే వరకు ఆరు వారాలు పప్పుచారుతో గడిపాను. పైగా మా బ్యాంకు లోను పాత కాలేజీ పేరు మీద మంజూరైంది కాబట్టి, కొత్త కాలేజీ కాగితాలన్నీ మళ్లీ పంపి వాళ్లు ఒప్పుకునే దాకా తరువాతి విడత కదలలేదు. అయినా ఎవరి దగ్గరా చేయి చాచకుండా గట్టెక్కాననుకోండి. ఇప్పటి పిల్లలకు ఆ ఓర్పు ఉందో లేదో నాకు అనుమానమే.

మారవద్దని నేననడం లేదు. మారితే మొదటి సెమిస్టరు తరువాతే మారాలి. రెండు సెమిస్టర్ల ఫీజు కట్టాక మారడం నా దృష్టిలో తెలివితక్కువ పని. కొత్త కాలేజీ మీ క్రెడిట్లలో ఎన్ని ఒప్పుకుంటుందో డిపార్ట్‌మెంటు నుంచి ఈ-మెయిల్లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట నమ్మకండి. అన్నీ ఒప్పుకుంటే, లేదా ఫీజు మినహాయింపుతో, కాలేజీలోనే జీతానికి పనిచేసే అసిస్టెంట్‌షిప్ ఇస్తే, రెండో ఆలోచన లేకుండా మారండి. ఒకటి రెండు కోర్సులు పోతాయంటే, చదువు ఎన్ని నెలలు పెరుగుతుందో లెక్కకట్టి, ఆ నెలల ఖర్చునూ వడ్డీనీ కలిపి చూడండి.

ఆ లెక్క వేసిన కాగితం మీ నాన్నగారికి ముందే చూపించండి. నేను మారిన సంగతి మా నాన్నగారికి నాలుగు నెలల తరువాత చెప్పాను. ఆయన కోప్పడలేదు, బ్యాంకులో పెట్టిన ఇంటి కాగితాలు అనుకున్న ఏడాదికే వస్తాయా, ఇంకా ఆలస్యమవుతుందా అని మాత్రం అడిగారు.